పసిబిడ్డకు వారం లెక్క తెలీదు

చెల్లెళ్లూ, ఈసారి రాజకీయం మాట్లాడదామని కూర్చున్నా. "అక్కా, నీకూ సోకిందా ఆ పిచ్చి" అని పేజీ తిప్పేయబాకండి. ఓట్ల రాజకీయం కాదులే. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన ఆడమనిషి మళ్లీ ఎన్నింటికి నడుం వాలుస్తుంది, మధ్యలో గంటలన్నీ ఎవరి ఖాతాలో జమ పడుతున్నాయి, ఆ సంగతి. దాన్ని మించిన రాజకీయం నాకైతే కనపడలేదు. ఇవి ఎర్రజెండా మాటలంటారా, అనుకోండి. నాకేం నామోషీ లేదు.

మాది దొరవారిసత్రం. డీవీ సత్రమంటే బస్సు కండక్టర్లకు తొందరగా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా నోటికి ఇంకా నెల్లూరే. బయటివాళ్లు మా వైపు వచ్చేదెందుకంటే నేలపట్టులో గూడబాతుల్ని చూడ్డానికి, లేకపోతే రాకెట్ పోయేరోజు శ్రీహరికోట దిక్కుకు మెడలెత్తి నిలబడ్డానికి. పక్షుల్నీ చూస్తారు, రాకెట్‌నీ చూస్తారు. చీకటితో హైవే పక్కన నిలబడే ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ చూడరు.

చున్నీ తలకు చుట్టుకుని, మెడలో ట్యాగుతో, భుజాన బ్యాగుతో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటారు వాళ్లు. కొందరు నాయుడుపేట వైపు, ఎక్కువమంది సూళ్లూరుపేట, తడ మీదుగా శ్రీసిటీకి. ఒకమ్మాయి తలస్నానం తడి ఆరకుండానే ముడేసుకుని వచ్చేసి ఉంటుంది. ఇంకొకమ్మాయి ఫోన్లో గుసగుసగా, "లేపబాకమ్మా, లేస్తే ఊరుకోడు. పాలు కాచి గిన్నెలో పెట్టినా, దోసెపిండి బయట ఉండాది" అని అమ్మకో అత్తకో అప్పజెప్తూ ఉంటుంది. బస్సెక్కంగానే కిటికీకి తలానించి కళ్లు మూస్తారు. ఆ కునుకు ఎవరి లెక్కలోకీ రాదు. కంపెనీకి అది డ్యూటీ కాదు. ఇంట్లోవాళ్లకేమో అదే విశ్రాంతి. "బస్సులో పడుకునే వస్తివి గదా" అంటారు సాయంత్రం.

శ్రీసిటీ 2008లో మొదలైంది. ఈ పిల్లల తల్లులు నాట్లకూ కలుపులకూ పోయిన ఆడవాళ్లు. వెనకటి చేని పనే మేలని పాట పాడేవాళ్లలో నేను లేను. అలా పాడేవాళ్లెవరూ బురదలో పొద్దంతా నడుం వంచినవాళ్లు కారు. ఆడ మూత్రానికి పోవాలంటే గట్టు చాటు వెతుక్కోవాలి, కూలి ఎప్పుడిస్తారో ఆసామి దయ. ఫ్యాక్టరీలో ఫ్యానుంది, గోడలున్న బాత్‌రూముంది, నెల తిరిగేసరికి తన పేరు మీదున్న ఖాతాలో జీతం పడుతుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను "మీ అబ్బాయికి జీతమెంత" అని పిల్లే అడగడం మా వీధిలో నేను విన్నా. ఆ అడిగే నోరు ఆ ఖాతా ఇచ్చిందే. కాదనను. అందుకే ఆ పిల్ల గంటల గురించి ఇంత పట్టించుకోవాలంటున్నా.

గంటల ముచ్చట ఇప్పుడెందుకొచ్చిందంటే, 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టానికి మార్పులు ఒప్పుకుంది. రోజుకు 9 గంటలకు మించకూడదన్న పని 10 గంటలకు పోవచ్చన్నారు. అయిదు గంటలు పని చేయించాక ఇవ్వాల్సిన విరామం ఆరు గంటల తర్వాత ఇస్తే చాలన్నారు. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైమును 144 దాకా పెంచారు. ఆడవాళ్లు ఒప్పుకుంటే, బండీ కాపలా ఏర్పాటు చేస్తే, రాత్రి షిఫ్టులు కూడా వేసుకోవచ్చన్నారు. ఇలా చేస్తే కంపెనీలొస్తాయి, మన ఆడపిల్లలకే ఉద్యోగాలు పెరుగుతాయి అన్నది వాళ్ల మాట. కార్మిక సంఘాలు, వామపక్షాలు వీధుల్లోకి వచ్చాయి. మన టీవీల్లో అది ఒక పూట వార్త.

"వారానికి 48 గంటలు అట్టే ఉండాయి గదమ్మా, రోజుకో గంట పెరిగితే ఇంకో రోజు తగ్గుతుంది" అని నాకు చెప్పినవాళ్లు చాలామంది. అందరూ మగవాళ్లే. వాళ్లు లెక్కలో తప్పేమీ చెప్పలా. కానీ పసిబిడ్డకు పాలు వారం లెక్కన పట్టరు గదా! బియ్యం ఏ పూటకాపూట కడగాలి. ముసలి మామగారి షుగరు మాత్ర ఏ రాత్రికారాత్రి ఇవ్వాలి. ఆడదాని పొద్దు రోజులుగా నడుస్తుంది, వారాలుగా నడవదు. సోమవారం బిడ్డను చూడలేకపోయిన గంటను శనివారం తెచ్చి అతికించలేం.

లెక్కే కావాలంటే వేద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024లో జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88. ఆ 88 కూడా ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల సగటే సుమా, అసలు ముట్టనివాళ్లు అందులో లేరు. 289 నిమిషాలంటే దగ్గర దగ్గర అయిదు గంటలు. దానికి ఫ్యాక్టరీ పది కలపండి, తిండి విరామం కలపండి, బస్సులో పోనూ రానూ కలపండి. పదిహేడు దాటుతుంది. మిగిలిందాంట్లో నిద్రపోవాలి, నీళ్లు పోసుకోవాలి, బిడ్డ ముఖం చూడాలి, మొగుడికి కోపమొస్తే అదీ తీర్చాలి.

ఈ మాటంటే నాకు 2025 జనవరి గుర్తొస్తుంది. ఎల్ అండ్ టీ ఛైర్మన్‌గారు వారానికి 90 గంటలు పని చేయాలన్నారు, ఇంట్లో కూర్చుని పెళ్లాం ముఖం ఎంతసేపు చూస్తారని ఉద్యోగులను అడిగారు. దేశమంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలా. ముఖం చూడమని ఎవరడిగారు నాయనా, ఆ అంట్లు తోము! తొంభై గంటలు ఆఫీసులో ఉండే మనిషికి అన్నం వండేదెవరు, చొక్కాలు ఉతికేదెవరు, పిల్లల స్కూలు మీటింగుకు పోయేదెవరు? ఆ గంటలు కూడా కలిపితే ఆయన అడిగింది తొంభై కాదు, ఇద్దరు మనుషుల బతుకు మొత్తం. జీతం మాత్రం ఒకరికి.

ఇక ఎనిమిది గంటల పని అన్నది ఎవరో దయతలచి ఇచ్చింది కాదని మీకు తెలుసు. 1886 మే నెలలో షికాగోలో దానికోసం నెత్తురు కారింది. మనకు దగ్గర్లో, 1923 మే 1న, మద్రాసు సముద్రపొడ్డున సింగారవేలు చెట్టియార్ మేడే జరిపారు. మన దేశంలో అదే మొదటిది. అప్పుడు మన నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పని 48కి దిగింది 1946లో. ఆ సవరణ వచ్చేనాటికి కార్మిక శాఖ చూస్తున్నది అంబేద్కర్. రాజ్యాంగం రాసినాయనగానే ఆయన్ని మన పిల్లలకు చెప్తారు. పనిముగించుకుని ఇంటికొచ్చే టైము వెనక కూడా ఆయనున్నాడని ఎవరూ చెప్పరు.

మన జిల్లా మనిషి పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది కూడా మే 1నే, 1913లో, అలగానిపాడులో. భూమి ఉన్న రెడ్ల ఇంట పుట్టి, పేరు చివర కులం తోక కత్తిరించుకుని, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టిన మనిషి. పార్లమెంటుకు సైకిలు మీద పోయాడని కథలుగా చెప్పుకుంటాం. సైకిలు కథ అందరికీ ఇష్టమే. కూలి రేటు కథ చెప్తే మాత్రం మా ఊళ్లో ఆసాములు టీ గ్లాసు పక్కన పెట్టి లేచిపోతారు.

అయితే చెల్లెళ్లూ, ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మన ఇష్టం అని పంచినవాళ్ల మీద కూడా నాకొక ఫిర్యాదుంది. ఆ మూడో ఎనిమిదిలో వంట ఎవరు చేశారు? ఆ పంపకం చేసినాయనకు ఇంట్లో ఎవరో వండిపెట్టి ఉంటారు. మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, ఎర్రజెండా మోసి భుజం కాయకట్టిన మనిషి. మంచివాడు, లంచం ముట్టడు, ఎవరికి కష్టమొచ్చినా అర్ధరాత్రి లేచి పోతాడు. మేడే నాడు శ్రమదోపిడీ గురించి గొంతు పోయేలా మాట్లాడి ఇంటికొచ్చి, తిన్న కంచం తిన్నచోటే వదిలి చెయ్యి కడుక్కుంటాడు. ఒకసారి వాళ్లావిడ ఆ కంచం తీస్తూ, "అదనపు విలువ గురించి అందరికీ చెప్తావు, నా విలువ ఎక్కడ పోతా ఉండాదో ఒకసారి లెక్క కట్టరాదా" అంది. ఆయన నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఆ కంచం ఇప్పటికీ ఆవిడే తీస్తోంది.

రంగనాయకమ్మగారు దశాబ్దాలుగా రాస్తున్నది ఇదే. మార్క్స్ 'కాపిటల్'ను తెలుగువాళ్లకు పరిచయం చేసిన ఆ చెయ్యే, ఇంటి పని ఆడామగా ఇద్దరిదీ అని కూడా రాసింది. మొదటిది చదివి మెచ్చుకున్న మగవాళ్లు రెండోదాని దగ్గరికొచ్చేసరికి "ఆమె కొంచెం ఎక్కువ చెప్తుందిలే" అంటారు. నాకు ఆమె అన్ని మాటలూ రుచించవు, అది వేరే సంగతి. ఈ ఒక్క మాటలో మాత్రం ఆమెతో పేచీ పెట్టుకోవడానికి నాకు కారణం దొరకలేదు.

సరే, ఎవరినో తిట్టడం తేలిక. మన చేతిలో ఉన్న కాగితం సంగతి చూద్దాం. మా ఆడపడుచు కూతురు శ్రీసిటీ వైపు ఒక కంపెనీలో చేస్తోంది. మొన్న ఆదివారం పులిబొంగరాలు వేసి పిలిస్తే వచ్చింది. ఫోన్లో పే స్లిప్ చూపించి, "అత్తా, ఈ కోతలన్నీ ఏంది? దొంగతనమా?" అంది. అన్నీ దొంగతనం కాదే పిల్లా అని ఒక్కో గీత మీద వేలు పెట్టించా. మీరూ చూడండి, మీ ఇంట్లో ఏ పిల్ల దగ్గరైనా ఇదే కాగితం ఉంటుంది.

పీఎఫ్ అని ఉన్నది జీతంలో మన వంతు నూటికి 12. కంపెనీ కూడా తన వంతు వేయాలి. అది మన పేరు మీద ఉన్న సొమ్ము, ఉద్యోగం మారినా మనతోనే వస్తుంది, యూఏఎన్ నంబరు ఒకటే ఉంటుంది. "ఆ నంబరు నాకు తెలీదత్తా, సూపర్‌వైజరన్న దగ్గరుండాది" అంది. నీ బ్యాంకు పాస్‌బుక్కు కూడా ఆయన దగ్గరే పెడతావా అని అడిగా. నాలుక కరుచుకుంది.

తర్వాతది ఈఎస్ఐ. జీతం పద్నాలుగు వేలనుకుందాం. మనకు కోసేది నూటికి ముప్పావలా, అంటే 105 రూపాయలు. కంపెనీ వేయాల్సింది నూటికి మూడుంబావలా, అంటే 455. ఈ 105 చూసి పిల్లలు తిట్టుకుంటారు. ఆ డబ్బుతో ఏమొస్తుందో చెప్పినవాళ్లు లేరు మరి. కాన్పుకు ముందటి రెండు ఆర్నెల్ల గడువుల్లో కలిపి 70 రోజులు ఆ కోత పడి ఉంటే, మొదటి ఇద్దరు బిడ్డలకు ఒక్కో కాన్పుకు 26 వారాలు ఇంట్లో ఉన్నా జీతం వస్తుంది. ఇది చెప్పంగానే మా పిల్ల ముఖం మారిపోయింది. వాళ్ల లైన్లో పనిచేసే అమ్మాయి అయిదో నెల రాగానే "నిలబడలేనక్కా" అని రాజీనామా రాసిచ్చి పోయిందట. ఏడుస్తూ పోయిందట. ఎవరూ ఆగమని అనలేదు. రాసుకోవడానికి తెల్లకాగితం మాత్రం గబగబా తెచ్చిచ్చారట.

అది వింటే నాకు ఒళ్లు మండింది. ఇలాంటి చోట చట్టం తెలియడమంటే పెద్ద చదువు కాదు, ఇంకో ఇద్దరు పక్కన కూర్చుని "ఆగవే, సంతకం పెట్టబాక" అనడం. సంఘం అని మనం భయపడే మాటకు అసలు పని అదే.

ఓవర్‌టైము గీత దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది. గంటకు రెట్టింపు ఇవ్వాలని చట్టం. ఆమెకు ఓటీ కావాలి. "అత్తా, నువ్వు గంటలు తగ్గించమంటావు, ఓటీ లేకపోతే చీటీ ఎట్ట కట్టేది?" అంది. నిజమే. ఎనిమిది గంటల జీతంతో ఇల్లు గడవకపోతే పన్నెండు గంటలు చేస్తానని మనిషే చెయ్యెత్తుతుంది. బయటివాళ్లకది "ఆమె ఇష్టం"లా కనపడుతుంది. రాత్రి షిఫ్టుకు ఒప్పుకోలు కూడా అంతే. పర్మినెంటు కాని పిల్ల, వచ్చే నెల ట్యాగు ఉంటుందో పీకేస్తారో తెలియని పిల్ల, "నేను రాత్రికి రాను" అని ఏ ధైర్యంతో రాసిస్తుంది? రాత్రి పని ఆడవాళ్లు చేయకూడదని నేననడం లేదు. మన నర్సులు ఎప్పటినుంచో చేస్తున్నారు. వద్దన్నా ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం ముందు ఇవ్వండి, అప్పుడు అడగండి ఒప్పుకోలు.

2025 నవంబర్ 21 నుంచి కేంద్రం 29 కార్మిక చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో మంచి మాట. మీ పిల్లల దగ్గర అది ఉందో లేదో ఈ వారమే అడగండి. సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలన్నదీ, 300 మంది కంటే తక్కువ ఉన్న కంపెనీ మూసేయడానికి ప్రభుత్వాన్ని అడగక్కర్లేదన్నదీ అందులోవే. కార్మికుడు సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు చెప్పాలి. సూపర్‌వైజరు మాత్రం "రేపట్నించి రావొద్దు" అని వాట్సాప్‌లో పెడతాడు. సరే, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇందాకటి అయిదో నెల అమ్మాయి నిలబడలేనంది గదా, నిలబడడమంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పండక్కి చీరలకు పోతాం. మనకు పరుపేసి కూర్చోబెడతారు, కూల్‌డ్రింకు ఇస్తారు. చీరలు విప్పి చూపించే పిల్ల షాపు తెరిచినప్పటినుంచి మూసేదాకా నిలబడే ఉంటుంది. జనం లేని మధ్యాహ్నం కూడా కూర్చోకూడదు, కూర్చుంటే కెమెరాలో కనపడుతుంది. కేరళలో ఈ సేల్స్ గర్ల్స్ కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. కోళికోడ్‌లో విజి అనే దర్జీ వాళ్లను పోగుచేసింది. బాత్‌రూముకు పోనివ్వండి, కూర్చోనివ్వండి, అంతే వాళ్లడిగింది. 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా చట్టం చేసింది, షాపుల్లో పనివాళ్లకు కుర్చీ ఉండాలని. తడ దాటితే తమిళనాడే గదా. మనం టీనగర్‌లో చీరలు కొనుక్కుని వస్తాం, ఆ చట్టాన్ని మాత్రం మోసుకురాలేకపోయాం! ఈసారి షాపులో "నువ్వూ కూర్చుని చూపించమ్మా" అని గట్టిగా, మేనేజరుకు వినపడేలా అనండి. ఆ పిల్ల భయంగా అటు చూస్తుంది. అయినా అనండి.

"మనవల్ల ఏమవుతుంది అక్కా" అంటారు మీరు. నెల్లూరు జిల్లాలో పుట్టి ఆ మాట అనకూడదు. 1992లో దూబగుంటలో రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండి, సారా అంగడి మూయించారు. చదువుకున్న పాఠం పుస్తకంలో ఉండనివ్వకుండా వీధిలోకి తెచ్చారు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్కడిదాకా కథ అందరికీ తెలుసు. ఆ తర్వాతది ఎవరూ చెప్పరు. ఆ కదిలిన ఆడవాళ్లను అధికారులు పొదుపులక్ష్మి సంఘాల్లో కూర్చోబెట్టారు, రోజుకు రూపాయి దాచమన్నారు. దాచారు. దాంతో మేలు జరగలేదంటే కళ్లు పోతాయి. నా కుట్టుమిషను కూడా పొదుపు సంఘం అప్పే. కానీ కలెక్టరును నిలదీసిన నోళ్లు కంతు కట్టేదెవరు, కట్టనిదెవరు అని ఒకరినొకరు నిలదీసుకోవడంలో పడ్డాయి. నెలకోసారి మీటింగు ఇప్పటికీ జరుగుతుంది. ఆ మీటింగులో పే స్లిప్పు గురించి, కూలి రేటు గురించి మాట్లాడకూడదని ఏ పుస్తకంలోనూ రాయలేదు గదా!

కాలం మారినా ఆడవాళ్ల పట్టు మారలేదు. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు 11,500, ఆయాకు 7,000. అది జీతం కూడా కాదు, గౌరవ వేతనమట. జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది, అత్యవసర సర్వీసు కాబట్టి సమ్మె చేయకూడదని. చూడండి చమత్కారం. డబ్బులడిగితే మీది సేవ అంటారు, పని ఆపితే మీరు లేకపోతే గడవదంటారు! సంక్రాంతి పండక్కి కూడా ఆ ఆడవాళ్లు శిబిరాల్లోనే కూర్చున్నారు. మా వీధి ఆయా సమ్మె నుంచి వచ్చాక గొంతు బొంగురుపోయి వారం మాట్లాడలేకపోయింది. "ఏమే, ఇన్నాళ్లూ అరిచి ఏం సాధించావు" అని ఎవరో ఎగతాళి చేస్తే, సైగ చేసి చూపించింది, నా పేరు మంత్రికి తెలిసింది అన్నట్టు. అబద్ధమే అనుకోండి, కానీ ఆ దర్జా నాకు నచ్చింది.

ఇప్పుడు మళ్లీ మన బస్సు పిల్లల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ రెండు కథలకూ బిడ్డే ముడి. ఫ్యాక్టరీకి పోయే తల్లి బిడ్డను అంగన్‌వాడీలో వదలాలంటే, బస్సొచ్చే వేళకు అది తెరిచి ఉండదు, షిఫ్టు దిగి వచ్చేలోపు మూతపడుతుంది. మధ్యలో అమ్మమ్మో నాయనమ్మో ఉండాలి. లేకపోతే ఉద్యోగం మానాలి. కంపెనీలో పిల్లల గది ఉండాలని చట్టం ఎప్పటినుంచో చెప్తోంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి పైగా ఆడవాళ్లుంటే క్రెష్ పెట్టాలని ఉండేది. అంటే ఆడవాళ్లను ఎక్కువ పెట్టుకుంటే ఖర్చెక్కువ! కొత్త కోడ్‌లో ఒక మార్పు నాకు నచ్చింది, ఆ నాలుగింటినీ తిట్టుకుంటూనే చెప్తున్నా. ఇప్పుడు 50 మంది కార్మికులుంటే చాలు, ఆడా మగా అని లేదు. బిడ్డ తల్లి ఒక్కదానిదే కాదని చట్టం ఒప్పుకున్నట్టే.

మా పిల్లకిది చెప్పా. వాళ్లాయన కూడా నాయుడుపేట వైపు ఒక ఫ్యాక్టరీలోనే చేస్తాడు, అక్కడ అంతా మగవాళ్లే ఎక్కువ. ఆయన పులిబొంగరాలు తింటూ వింటున్నాడు. "ఏమయ్యా, మీ కంపెనీలో నువ్వడుగు క్రెష్ పెట్టమని. బిడ్డను నువ్వు తీసుకుపో, ఆమె బస్సు చీకటితో వస్తుంది, నీ షిఫ్టు పొద్దెక్కాక గదా" అన్నా.

"మగోళ్లు అడిగితే నవ్వుతారత్తా."

"నవ్వనీ. ఆ యాభై మందిలో నువ్వూ ఒకడివి గదా, చట్టం నిన్ను కూడా లెక్కపెట్టింది."

కాసేపు ఆలోచించాడు. తనలాంటి చిన్నపిల్లల తండ్రులు వాళ్ల సెక్షన్లో ఇంకా ఉన్నారట, వాళ్లతో మాట్లాడి అర్జీ మీద సంతకాలు పెట్టిస్తానన్నాడు. నాకు సంతోషమేసింది. "అయితే రాయి, ఇప్పుడే రాయి" అని కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టా. ఆయన వాటిని మెల్లగా పెళ్లాం వైపు జరిపి, "దీని చేతిరాత బాగుంటుందత్తా" అన్నాడు.